214 కోట్ల పైచిలుకు ప్రధాన సంఖ్య

పిల్లలూ, ముందుగా ఈ సంఖ్యను పైకి, తెలుగులో చదవండి.

2,14,74,83,647

ఇంగ్లీషులో ‘టూ బిలియన్’ అని మొదలుపెడతారు. హిందీలో ‘దో అరబ్’ అంటారు. తెలుగులో అయితే ఇలా: రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ఒక్కసారికి నాలుక తిరగకపోతే రెండోసారి చదవండి. తెలుగులో సంఖ్యలు చదవడం అలవాటు తప్పితే మొదట పోయేవి డెబ్బైలూ ఎనభైలే. మేము పనిచేసిన ప్రతి ఊళ్లోనూ ఇది చూశాం. అందుకే ఈసారి తెలుగు పాఠంలోకి ఒక లెక్కను తెచ్చాం.

ఈ సంఖ్యకు ఒక విశేషం ఉంది. ఇది ప్రధాన సంఖ్య. మీ గణితం పుస్తకంలో ప్రైమ్ నంబర్ అని ఉండేది ఇదే. 1తోనూ తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ శేషం లేకుండా భాగించలేనిదాన్ని ప్రధాన సంఖ్య అంటాం. 2, 3, 5, 7, 11 ప్రధాన సంఖ్యలు. 15 కాదు, ఎందుకంటే అది 3 × 5. ఇలా చిన్న సంఖ్యల కారణాంకాలుగా విడిపోయేది సంయుక్త సంఖ్య. 1ని ఈ రెండింట్లో దేనిలోనూ చేర్చరు.

మరి 214 కోట్లు దాటిన సంఖ్య ప్రధాన సంఖ్య అని ఎలా తెలుస్తుంది? ఎవరో చెప్పారని నమ్మాలా, మనమే తేల్చుకోవచ్చా? ఈ పాఠం అంతా ఆ ప్రశ్న గురించే.

చదరంగం గళ్లలో గింజలు

చదరంగం బల్ల కథ మీకు తెలిసే ఉంటుంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా ప్రతి గడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్లూ నింపమని ఒక తెలివైనవాడు రాజును అడిగాడట. రాజు ధాన్యపు కొట్లన్నీ ఖాళీ చేసినా ఆ లెక్క తీరలేదట.

ఈ లెక్క తెలుగువాళ్లకు కొత్త కాదు. మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన కవి పావులూరి మల్లన. 64 గళ్లలోని మొత్తం గింజలు, అంటే ఇరవై అంకెల సంఖ్య, ఒకే పద్యంలో ఇమిడిన పద్యం ఒకటి ఆయన పేరిట ప్రచారంలో ఉంది. ఎలా ఇమిడిందో పాఠం చివర చూద్దాం.

ముందు గింజలు లెక్కపెడదాం. ఒక గడి వరకు 1. రెండు గళ్ల వరకు 1 + 2 = 3. మూడు గళ్ల వరకు 7. నాలుగు గళ్ల వరకు 15. అయిదు గళ్ల వరకు 31. ఏ గడి దగ్గర ఆగినా, అప్పటిదాకా పోసిన మొత్తం తరవాతి గడిలో పోయాల్సిన గింజల కంటే ఒకటి తక్కువ. కాబట్టి 31 గళ్లు నిండేసరికి మొత్తం 2³¹ − 1 గింజలు. అంటే రెండును 31 సార్లు వేసి గుణించి, ఒకటి తీసేయాలి. ఆ జవాబే మన 2,14,74,83,647.

ఏ గళ్ల దగ్గర ప్రధాన సంఖ్య వస్తుంది?

రెండు గళ్లకు 3, మూడు గళ్లకు 7, అయిదు గళ్లకు 31, ఏడు గళ్లకు 127. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. నాలుగు గళ్లకు 15, ఆరు గళ్లకు 63, ఎనిమిది గళ్లకు 255. ఇవి కావు. గళ్ల సంఖ్య సంయుక్తం అయితే గింజల మొత్తం కూడా సంయుక్తమే అవుతుంది.

ఎందుకో గింజలతోనే చూడవచ్చు. ఆరు గళ్లను మూడేసి చొప్పున రెండు జట్లు చేయండి. మొదటి జట్టులో 1 + 2 + 4 = 7 గింజలు. రెండో జట్టులో 8 + 16 + 32, అంటే మొదటి జట్టుకు సరిగ్గా ఎనిమిది రెట్లు, 56. మొత్తం 7 + 56 = 63. రెండు జట్లలోనూ 7 ఉంది కాబట్టి మొత్తం కూడా 7తో భాగమవుతుంది. గళ్లను సమానమైన జట్లుగా ఎప్పుడు విడదీయగలిగినా ఇదే జరుగుతుంది. 64 గళ్లను జతలు జతలుగా విడదీయవచ్చు కాబట్టి, రాజును ముంచిన ఆ ఇరవై అంకెల సంఖ్య 3తో భాగమవుతుంది. అది ప్రధాన సంఖ్య కాదు.

31 గళ్లను ఇలా జట్లుగా విడదీయలేం, ఎందుకంటే 31 ప్రధాన సంఖ్య. అయితే అంతటితో పని అయిపోయిందని అనుకోవద్దు. 11 కూడా ప్రధాన సంఖ్యే. కానీ 11 గళ్ల మొత్తం 2047 = 23 × 89. గళ్ల సంఖ్య ప్రధానం కావడం అవసరం, కానీ అది ఒక్కటే చాలదు.

నాలుగు మాటల్లో మూడు తప్పు

ఇటలీలోని బొలోన్యా నగరంలో పియెత్రో కతాల్ది అనే గణితవేత్త ఉండేవాడు. 17 గళ్ల మొత్తమూ (1,31,071), 19 గళ్ల మొత్తమూ (5,24,287) ప్రధాన సంఖ్యలని ఆయన భాగహారాలు చేసి తేల్చాడు. అక్కడితో ఆగకుండా 23, 29, 31, 37 గళ్లకు కూడా ప్రధాన సంఖ్యలే వస్తాయని ప్రకటించాడు.

1640లో ఫ్రాన్సుకు చెందిన ఫెర్మా 23, 37 గళ్ల మాట తప్పని చూపించాడు. 23 గళ్ల మొత్తం 47తో భాగమవుతుంది, 37 గళ్ల మొత్తం 223తో. తరవాత 29 గళ్ల మాట కూడా తప్పేనని ఆయిలర్ చూపించాడు, అది 233తో భాగమవుతుంది. నాలుగింట్లో మిగిలింది 31 ఒక్కటే. 1644లో ఫ్రెంచి మతగురువు మెర్సెన్ తన జాబితాలో 31ని చేర్చాడు గానీ, ఆ జాబితాలోనూ తప్పులున్నాయని తరవాత బయటపడింది. ఇలాంటి సంఖ్యలను నేటికీ ఆయన పేరుతోనే మెర్సెన్ సంఖ్యలు అంటారు.

చూశారా? చెప్పినవాళ్లు గొప్పవాళ్లే. అయినా మాట ఒక్కటీ సరిపోలేదు. ఎవరో ఒకరు కూర్చుని తేల్చాల్సి వచ్చింది.

పని తగ్గించుకోవడమే తెలివి

మామూలుగా అయితే 2 నుంచి మొదలుపెట్టి ఒక్కో సంఖ్యతో భాగించుకుంటూ పోవాలి. ఎంతవరకు? వర్గమూలం వరకు చాలు. ఒక సంఖ్యకు రెండు కారణాంకాలుంటే వాటిలో చిన్నది వర్గమూలాన్ని దాటదు. 46,340 వర్గం మన సంఖ్య కంటే తక్కువ, 46,341 వర్గం ఎక్కువ. కాబట్టి 46,340 వరకు చూస్తే సరిపోతుంది. అందులోనూ ప్రధాన సంఖ్యలతో భాగిస్తే చాలు. అవి 4,792. కాగితం, కలం తప్ప మరేమీ లేని రోజుల్లో అదీ తక్కువ పని కాదు.

ఇక్కడ ఫెర్మా కనిపెట్టిన ఒక సూత్రం అక్కరకొస్తుంది. రెండును రెట్టింపు చేసుకుంటూ పోతూ, ప్రతిసారీ 23తో భాగించి శేషం రాయండి.

2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1

పదకొండో అడుగులో 1 వచ్చింది. ఇక మళ్లీ 2, 4, 8 అని అదే వరుస తిరుగుతుంది. ఈ చక్రం పొడవు 11. ఏ బేసి ప్రధాన సంఖ్యను తీసుకున్నా, ఈ చక్రం పొడవు ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువైనదాన్ని శేషం లేకుండా భాగిస్తుందని ఫెర్మా సూత్రం. ఇక్కడ 23లో ఒకటి తీస్తే 22. 11 దాన్ని భాగిస్తుంది.

దీన్ని మన సంఖ్యకు వర్తింపజేద్దాం. 2³¹ − 1ని ఒక ప్రధాన సంఖ్య భాగిస్తోందనుకుందాం. దానికి ‘దొంగ’ అని పేరు పెడదాం. అంటే 2³¹ని దొంగతో భాగిస్తే శేషం 1. కాబట్టి దొంగ దగ్గర చక్రం పొడవు 31ని భాగించాలి. 31 ప్రధాన సంఖ్య కాబట్టి ఆ పొడవు 31 అయినా కావాలి, 1 అయినా కావాలి. పొడవు 1 కావాలంటే 2ని భాగించినప్పుడే శేషం 1 రావాలి, అది కుదరదు. కాబట్టి పొడవు 31. ఫెర్మా సూత్రం ప్రకారం, దొంగలో ఒకటి తీస్తే వచ్చేది 31 గుణిజం. దొంగ బేసి సంఖ్య కూడా కాబట్టి, అది 62 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య అయి తీరాలి. 63, 125, 187, 249, ఇలా. 46,340 లోపు ఇలాంటివి 747 మాత్రమే.

ఇంకో జల్లెడ కూడా ఉంది. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గం. అంటే ఒక వర్గాన్ని దొంగతో భాగిస్తే శేషం 2 వస్తోంది. ఇలా జరిగే బేసి ప్రధాన సంఖ్యలను 8తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ వస్తుంది. 7తో 9ని, 17తో 36ను, 23తో 25ను భాగించి చూడండి, మూడుసార్లూ శేషం 2. 3, 5, 11, 13లతో ఏ వర్గాన్ని భాగించినా శేషం 2 రాదు. దీని నిరూపణ పై తరగతుల్లో చదువుకుంటారు.

రెండు జల్లెడలూ కలిపితే, దొంగ దాక్కోగల చోట్లు రెండే రకాలు: 248 గుణిజానికి 1 కలిపినవి, 248 గుణిజానికి 63 కలిపినవి. 63 ప్రధాన సంఖ్య కాదు కాబట్టి దాన్ని వదిలేస్తే 46,340 లోపు మిగిలేవి 372. వాటిలోనూ 249 = 3 × 83 లాంటి సంయుక్త సంఖ్యలను కొట్టేయవచ్చు. మొదట నిజంగా పరీక్షించాల్సింది 311. మన సంఖ్యను 311తో భాగిస్తే శేషం 35. అంటే 311 దొంగ కాదు. ఆ తరవాతది 1303. ఇలా చివరిదాకా వెళ్లాలి.

వెళ్లినవాడు లియొన్‌హార్డ్ ఆయిలర్. స్విట్జర్లాండులోని బాసెల్‌లో పుట్టి, ఇరవయ్యో ఏట, 1727లో, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ చేరాడు. 1741లో బెర్లిన్‌కూ, 1766లో తిరిగి సెయింట్ పీటర్స్‌బర్గ్‌కూ మారాడు. ఊళ్లు మారడం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. రెండోసారి అక్కడికి వెళ్లాక ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. అయినా లెక్కలు ఆగలేదు. నోటితో చెబుతుంటే పక్కవాళ్లు రాసేవారు. 1772లో బెర్నూలీకి రాసిన ఉత్తరంలో, పైన చెప్పిన రెండు రకాల సంఖ్యల్లో ఏదీ 2³¹ − 1ని భాగించదని, కాబట్టి అది ప్రధాన సంఖ్యేనని తెలియజేశాడు.

పనికిరాదన్న సంఖ్య

6ని చూడండి. దాన్ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 3. కూడితే మళ్లీ 6. 28 కూడా అంతే: 1 + 2 + 4 + 7 + 14 = 28. వీటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. మన గింజల వరుసలో వచ్చే ప్రతి ప్రధాన సంఖ్యకూ జతగా ఒక పరిపూర్ణ సంఖ్య ఉంటుంది. దాన్ని రాబట్టాలంటే ఆ మొత్తాన్ని చివరి గడిలోని గింజలతో గుణించాలి. మూడు గళ్లకు 7 × 4 = 28. ఆయిలర్ శ్రమ వల్ల 31 గళ్లకు జతగా పందొమ్మిది అంకెల పరిపూర్ణ సంఖ్య దొరికింది.

1811లో ఇంగ్లండుకు చెందిన పీటర్ బార్లో తన సంఖ్యాశాస్త్ర గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. ఇవి వింతగా ఉంటాయే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఇంతకంటే పెద్ద పరిపూర్ణ సంఖ్య కోసం ఎవరూ ప్రయత్నించరన్నది ఆయన అంచనా. ఆ అంచనా రెండు విధాలా తప్పింది.

మొదటిది, వెతకడం ఆగలేదు. 1876లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 2¹²⁷ − 1 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. అది 39 అంకెల సంఖ్య. 2024లో ప్రకటించిన మెర్సెన్ ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి.

రెండోది, ఉపయోగం దొరికింది. కంప్యూటర్‌లో పాచికలాట ఆడేటప్పుడు యంత్రం పాచిక ఎలా వేస్తుంది? ఒక సంఖ్యను మరో సంఖ్యతో గుణించి, మూడో సంఖ్యతో భాగించి, శేషాన్ని తీసుకుంటుంది. ఆ శేషంతో మళ్లీ అదే పని చేస్తుంది. చిన్నగా చూద్దాం. 1తో మొదలుపెట్టి, 3తో గుణిస్తూ, 7తో భాగించి శేషాలు రాయండి: 1, 3, 2, 6, 4, 5. ఆరు సంఖ్యలూ ఒక్కొక్కసారి వచ్చాకే మళ్లీ 1 వస్తుంది. 7 బదులు 8తో చేయండి: 1, 3, 1, 3. వెంటనే తిరగబెట్టేసింది. అంటే భాగించేది ప్రధాన సంఖ్య, గుణించేది తగినది అయితే, ఒక్క సున్నా తప్ప అన్ని శేషాలూ వచ్చాకే చక్రం తిరుగుతుంది. కంప్యూటర్లలో ఎంతో వాడుకలో ఉన్న ఒక పద్ధతిలో గుణించేది 16,807, భాగించేది మన 2,14,74,83,647. అది ప్రధాన సంఖ్య కాబట్టే 214 కోట్లకు పైగా అడుగులు పడేదాకా వరుస మళ్లీ మొదటికి రాదు.

ఇదే సంఖ్య కంప్యూటర్‌లో మరో చోట కూడా కనిపిస్తుంది. సంఖ్యను దాచుకోవడానికి 32 గదులు ఇచ్చి, ఒక గదిని కూడిక, తీసివేత గుర్తుకు ఉంచితే, మిగిలిన 31 గదుల్లో పట్టే పెద్ద సంఖ్య ఇదే. పాత పద్ధతిలో నడిచే యంత్రాలు 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లను ఇలాంటి గదుల్లోనే లెక్కపెడతాయి. మన భారత కాలమానం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గదులు నిండిపోతాయి. తరవాతి సెకనుకు చోటుండదు. అందుకే ఇంజనీర్లు ఇప్పటినుంచే ఆ యంత్రాలను 64 గదుల లెక్కకు మారుస్తున్నారు. ఒక్క మాట గుర్తుంచుకోండి: గదులు నిండడానికీ, సంఖ్య ప్రధానం కావడానికీ సంబంధం లేదు. అది 31 గళ్ల లెక్క కావడం వల్ల వచ్చిన పోలిక మాత్రమే.

మాటల్లో అంకెలు

ఇప్పుడు మల్లన పద్యం రహస్యం. పూర్వం అంకెల బదులు మాటలు వాడేవారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్ర అంటే 1. కళ్లు రెండు కాబట్టి నేత్ర అంటే 2. అగ్నులు మూడు కాబట్టి పావక అంటే 3. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు కాబట్టి వేద, శ్రుతి, జలధి అన్నీ 4. మన్మథుడి బాణాలు అయిదు కాబట్టి శర అంటే 5. రుచులు ఆరు కాబట్టి రస అంటే 6. కులపర్వతాలు ఏడు కాబట్టి గిరి, నగ అంటే 7. దిక్కులను మోసే ఏనుగులు ఎనిమిది కాబట్టి గజ అంటే 8. ఆకాశం శూన్యం కాబట్టి గగన అంటే 0. ఈ పద్ధతిని భూతసంఖ్యలంటారు. ఇందులో ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి, కుడి నుంచి ఎడమకు చదవాలి.

మన సంఖ్యను అలా కడితే ఇలా వస్తుంది:

నగ జలధి రస పావక గజ శ్రుతి గిరి వేద చంద్ర నేత్ర

వేళ్ల మీద లెక్కపెడుతూ వెనక నుంచి అంకెలు రాయండి: 7, 4, 6, 3, 8, 4, 7, 4, 1, 2. తిరగేస్తే 2147483647. ఇది మేము మీకోసం కూర్చిన వరుస. మీకు నచ్చిన మాటలతో మీరూ కట్టవచ్చు.

మీరే చేయండి

1. 15 గళ్ల మొత్తం 32,767. గళ్లను మూడేసి చొప్పున జట్లు చేస్తే ఏ సంఖ్య కారణాంకంగా దొరుకుతుంది? అయిదేసి చొప్పున చేస్తే?

2. రెండును రెట్టింపు చేస్తూ 31తో భాగించి శేషాలు రాయండి. చక్రం పొడవెంత? అది 30ని భాగిస్తుందా?

3. మన సంఖ్యను 1303తో భాగించండి. శేషం 226 వచ్చిందా? కాలిక్యులేటర్ లేకుండా చేస్తే ఆయిలర్ పడిన శ్రమ కొంచెమైనా తెలుస్తుంది.

4. 127ను, మీ పుట్టిన సంవత్సరాన్ని భూతసంఖ్యల్లో రాయండి. 9 వస్తే ఏ మాట వాడాలో అమ్మమ్మనో తాతయ్యనో ఫోన్ చేసి అడగండి.

బదిలీ అయిన ప్రతిసారీ పుస్తకాలు మారతాయి, మాష్టార్లు మారతారు, ఏడును పిలిచే పేరు మారుతుంది. ఒక చోట నేర్చుకున్నది మరో చోట చెల్లుతుందో లేదోనన్న బెంగ మీకూ ఉంటుంది, మీకు పాఠం చెప్పే మాకూ ఉంటుంది. కానీ మీ చేత్తో మీరు తేల్చుకున్న లెక్కకు ఆ బెంగ లేదు. 311తో భాగిస్తే శేషం 35. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనూ అంతే, రేపు మీరు వెళ్లబోయే ఊళ్లోనూ అంతే. దానికి టీసీ అక్కర్లేదు.